జానెడు తగ్గిన నీళ్లు

సోమవారం జూకు సెలవు.
గుల్బదన్ సోమవారమే పోయింది.
ముప్పై ఏడేండ్లు మంది ముందు బతికినామె
ఎవరూ లేని రోజు చూసుకున్నది.

మంగళవారం టికెట్ కొని లోపలికి పోయినంక తెలిసింది.
నీటిగుర్రం గుంట చుట్టూ పచ్చ పరదా.
పరదాకు పిన్నీసుతో గుచ్చిన కాగితం,
తడిచెయ్యి తగిలి సగం అక్షరాలు అలుక్కుపోయినయి.
బహదూర్‌పురా బస్టాపు నుంచి నా వెంట నడిచొచ్చిన ముసలాయన
సంచిలో క్యాబేజీ ఆకులతో అట్లనే నిలబడ్డడు.
తిండి వేయొద్దని బోర్డు ఉన్నది.
రోజూ ఆ బోర్డు కిందనే నిలబడి వేసేటోడు.

నేను రిటైరైన కండక్టర్ని.
ఇరవై ఎనిమిదేండ్లు "ముందుకు జరుగుర్రి" అని అరిచిన గొంతు నాది.
ఈ కటకటాల దగ్గర మాత్రం
ఎవర్నీ జరుగుమనలేదు, నేనూ జరగలేదు.
నిజానికి ఆమె చేసేదేం లేదు.
మునిగేది.
మేం అంకెలు లెక్కపెడుతుంటే
నూట యాభై దాటినంక
రెండు చెవులు, రెండు ముక్కుపుటాలు,
ఫుస్సుమని ఒక ఊపిరి.
అంతే. ఆ ఊపిరికి చప్పట్లు కొట్టేటోళ్లం.
మా ఇంట్ల ఎవరి ఊపిరికీ అట్ల కొట్టలేదు.

పరదా సందులకెళ్లి చూసిన.
నీళ్లు జానెడు తగ్గినయి.
ఎవరూ తోడలేదట.
"ఆమె లేచింది గదమ్మా,
ఆమె ఎంతున్నదో అంత కిందికి దిగినయి" అన్నడు సాయిలు.
ఇరవై ఏండ్లు ఆమె నోట్లకు చూసి ఒంట్లో సంగతి చెప్పినోడు
ఆ మాటని చీపురు పట్టుకుని గోడ దిక్కు తిరిగిండు.
గోడ మీద పాత నీటిగీత,
ఇంకా తడిగనే ఉన్నది.

పై వారం నీళ్లన్నీ తీసేసిండ్రు.
అడుగున మేమే ఉన్నం.
గాజుముక్కలు, ఒంటి చెప్పు,
బిస్కెట్ పాకెట్లు, పాలపీక,
ఎవరో మొక్కుకుని వేసిన రూపాయి బిళ్లలు,
ఎవరిదో ఇంటి తాళంచెవి.
ఇన్నేండ్లు వీటి మీదనే పండుకున్నది
మెత్తటి కడుపు ఆనించి.
చప్పట్లు కొట్టిన చేతులు కొంగుల దాచుకున్న.

ఇప్పుడు అక్కడ ఒక డబ్బా పెట్టిండ్రు.
"ఈ ఆవరణలో ఏముంటే బాగుంటుంది? రాసి వేయండి."
ఒక పిలగాడు డైనోసార్ అన్నడు.
వాళ్ల నాయన ఫౌంటెన్ అన్నడు, రాత్రి లైట్లతోని.
ఎవరో జంటను తెప్పియ్యాలె అన్నరు,
"ఈసారి ఒక్కదాన్ని ఉంచొద్దు."
ఆ మాటకు లైనంతా కాసేపు సప్పుడు లేదు.

రహమతున్నీసా టీచర్ చూపులేని పిల్లల్ని తోలుకొచ్చింది.
ఏనుగు పెద్దదని వాళ్లకు ఎవరో చెప్పాలె.
గుల్బదన్ ఎంత పెద్దదో ఆ ఊపిరే చెప్పేది.
షబిస్తా అనే పిల్ల కటకటాలకు చెవి ఆనించి
అంకెలు మొదలుపెట్టింది.
నూట యాభై. రెండొందలు.
టీచర్ ఆపలేదు. నేనూ ఆపలేదు.
మూడొందల పన్నెండు కాడ తనే ఆగి
"ఇయ్యాల శానసేపు మునిగింది" అన్నది.

పెన్ను నా చేతికొచ్చింది.
విగ్రహం పెట్టుర్రి అని రాయబోయి కొట్టేసిన.
పేరు మార్చొద్దు అని రాసి, అదీ కొట్టేసిన.
ఏదొచ్చినా కొన్నాళ్లు ఆమె పేరుతోనే పిలుస్తం ఎట్లాగూ,
అది పలకదు,
మాకే మెల్లగ అలవాటైతది.
ఆఖరికి రాసింది ఇది:
కటకటాలు ఒక మూర కిందికి దించుర్రి,
చిన్నపిల్లలకు కనబడ్తలేదు.
గుంట అడుగు వారానికొకసారి చూడుర్రి.

మీరాలం చెరువు దిక్కు నుంచి
రోజూ వచ్చే తెల్లకొంగ వచ్చింది.
ఎండిన గుంట మీద రెండు సుట్లు తిరిగి
ఆమె వీపు ఉండాల్సిన కాడ
కాళ్లు చాపి దిగబోయి
మళ్ల రెక్కలెత్తింది.

ముసలాయన ఇంకా తెస్తనే ఉన్నడు క్యాబేజీ.
గేటు బయట ఆటోస్టాండు మేకకు
ఇప్పుడాయన నడక గుర్తే.